యల్లక్క మూట

మొదట గాలి వస్తుంది.

కొళాయి దగ్గుతుంది, ఉమ్ముతుంది, కాసేపు మొండికేస్తుంది. ఆ తరువాత నీళ్లు... బిందె అడుగున సన్నగా మొదలై, నిండేకొద్దీ గొంతు లావయ్యే నీళ్లు.

యల్లక్కకు ఆ చప్పుడంటే ప్రాణం.

హిందూపురం మండీ గోడ వెనక సందులో ఒంటి గది ఆమెది. గది ముందు కొళాయి. కాళ్ల కడియాలు అమ్మి వేయించుకున్న కొళాయి. కాళ్లే సరిగా లేనప్పుడు కడియాలెందుకని నవ్వేది. నవ్వేదే గానీ, అమ్మిన రోజు అన్నం ముట్టలేదు.

వీధి కొళాయి ఏమంత దూరం కాదు — కాళ్లున్నవాళ్లకు.

ఆమె తుంటి విరిగింది మండీలోనే. వానకు కరిగిన బెల్లం మీద కాలు జారింది, చంకలో నిండు బిందె ఉండగా. వయసులో ఉన్నప్పటి నుంచి ఆ రోజు దాకా మండీలో మూటలు మోసేవాళ్లకు నీళ్లు పోసింది. పెనుకొండ నుంచి వచ్చిన బండ్లు దించినా, ధర్మవరం పోయే రైలుకు సరుకు ఎక్కించినా, ఎండలో భుజం దులుపుకున్నవాడు మొదట వెతికేది ఆమెనే. దోసిలి పట్టి వంగిన ప్రతి మనిషికీ పోసింది.

పడ్డాక చేతులు ఊని, జరుగుతూ జరుగుతూ బతికింది. ఇంటికి తెచ్చి ఇచ్చిన చింతపండులో గింజలు తీసి నాలుగు దుడ్లు సంపాదించుకుంది.

గంజికి చాలాయి. కొళాయి పన్నుకు చాలలేదు.

పందొమ్మిదివందల అరవై రెండు, ఎండాకాలం. మునిసిపాలిటీ మనిషి గంగాధర పానా పట్టుకుని వచ్చాడు.

"పన్ను నిలిచిపోయిండాదమ్మా. కట్టేదాకా మూసేయమన్నారు," అన్నాడు, ఆమె ముఖం చూడకుండా.

"మూసేస్తే నీళ్లకు నేను యాడికి పోయేదప్పా?"

అతను కొళాయి దగ్గర వంగాడు.

పానా తిరిగింది. ధార సన్నబడింది. దారమయింది. చుక్కయింది.

ఆగింది.

ఇరుగుపొరుగు తలా ఒక చెంబు పోశారు. మంచివాళ్లే. కానీ ఊరందరికీ నీళ్లు పోసిన చెయ్యి, ఖాళీ చెంబు పట్టుకుని వాకిట్లో ఎదురుచూడడం... దాహం కంటే అదే ఆమెను ఎక్కువ కాల్చింది. రెండోసారి అడగాల్సి వస్తుందని గుక్కెడు తక్కువ తాగడం నేర్చుకుంది. ఎండాకాలంలో, ముసలి ఒంటితో.

సంగతి మండీకి పాకింది.

మండీలో ఒక పద్ధతి ఉండేది. మూట దించగానే మోసినవాడు తన పేరు గట్టిగా చెప్పాలి. గుమాస్తా ఆ మనిషి గిన్నెలో ఒక చింతగింజ వేస్తాడు. పొద్దుగూకేటప్పుడు గింజల లెక్కన కూలి. గిన్నెలో పడిన గింజను వెనక్కి తీయడమనేది లేదు — దేవుడు దిగి వచ్చి చెప్పినా లేదు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. నడుము పడిపోయినవాడి గిన్నెను తీసేయరు. రోజుకొక మూట అతని పేరున ఎవరో ఒకరు మోస్తారు. దాన్ని దానం అని ఎవరూ అనరు. అంటే ఆ నడుము పడిపోయినవాడే కొట్టడానికి లేస్తాడు.

యల్లక్కకూ ఒక మూట పెడదామన్నాడు మేస్త్రీ ఓబులేసు.

తిప్పన్న ఒప్పుకోలేదు. అతను దేనికీ ఒక పట్టాన ఒప్పుకోడు. తన పెళ్లికి కూడా మూడోసారి అడిగితేగానీ తలూపలేదని మండీలో చెప్పుకుంటారు.

"ఆయమ్మ ఎప్పుడన్నా మూట మోసిండాదా? మోయనోళ్లకు ఇచ్చుకుంటా పోతే రేపు ఊరంతా గిన్నెలు పట్టుకోని వస్తాది."

ఓబులేసు తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"ఏమబ్బా తిప్పన్నా, మనం తాగిన నీళ్లు నడిచొచ్చినాయా? ఆయమ్మ నడుము మింద వచ్చినాయి. నిండు బిందె బరువు కాదా?"

తిప్పన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"రేపు మొదటి మూట యల్లక్కది," అని లేచాడు ఓబులేసు.

ఎవరి మొదటి మూట? ఆయన చెప్పలేదు. వీళ్లు అడగలేదు. అడిగితే తప్పించుకోజూస్తున్నాడని అనుకుంటారేమోనని సిగ్గు. ఎవరికి వారు, తనదేననుకుని ఇంటికి పోయారు.

తెల్లారింది. చింతపండు బండ్లు వచ్చాయి. గాలి కూడా పుల్లగా ఉంది.

ఈరన్న మూట దించాడు. "యల్లక్క."

గుమాస్తా కొత్త గిన్నెలో గింజ వేశాడు.

నాగరాజు దించాడు. "యల్లక్క."

అంజనప్ప దించాడు. "యల్లక్క."

ఒక భుజం తరువాత ఒక భుజం... ఒక గొంతు తరువాత ఒక గొంతు... ఆడమనిషి పేరు ఏనాడూ పలకని ఆ మండీలో, అటకల కింద, బండ్ల మధ్య, ఎద్దుల కొమ్ముల మీదుగా — యల్లక్క, యల్లక్క, యల్లక్క.

గుమాస్తా చెయ్యి ఆగింది. మిగతా గిన్నెలన్నీ ఖాళీ.

"ఏమబ్బా, ఈ పొద్దు మండీ అంతా యల్లక్కే మోస్తాండాదా?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు అర్థమయింది. అప్పుడు నవ్వు — మూటలు దించేసి, పొట్టలు పట్టుకుని, చింతపండు మీద కూలబడి నవ్వు. ఆ రోజు ఆ మండీలో ఎంత ఆనందం పుట్టిందో, దాన్ని మోయాలంటే బండ్లు చాలవు.

ఆ నవ్వులోకి చివరగా వచ్చాడు తిప్పన్న. అందరికంటే పెద్ద మూట. మెడ నరాలు ఉబ్బి, దించి, గోడ అవతలికి వినబడేటట్టు అరిచాడు.

"యల్లక్క."

గింజలు తలా ఒకటి వెనక్కి తీసుకుంటారా అని గుమాస్తా అడిగితే, పడిన గింజ తీసేది లేదని తెగేసి చెప్పింది కూడా తిప్పన్నే.

సాయంత్రం కూలి తెచ్చి ఆమె ముందు పెట్టాడు ఓబులేసు. యల్లక్క ముట్టుకోలేదు.

"నేను చెయ్యి చాచలేదు గదప్పా?"

"కూలి అక్కా ఇది. నువ్వు బిందె మోసినప్పుడే ఇయ్యాల్సింది. మాదే ఆలస్యం."

అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, పన్నుకు పోను మిగిలినదాన్ని పక్కకు జరిపింది.

"ముత్యాలప్ప కొళాయి గూడా మూసినారంట. కండ్లు లేని మనిషి. ఆయప్పది గూడా కట్టేసి రాండి."

అట్లా ఆ మండీలో ఇంకో గిన్నె వెలిసింది. దాన్ని నీళ్ల గిన్నె అన్నారు. కదలలేనివాళ్ల కొళాయిల కోసం రోజుకొక మూట, యల్లక్క పేరునే. ఆ వేసవిలో గంగాధర పానా ఆ సందుల్లో మూయడానికి కాదు, తెరవడానికి తిరిగింది. అతని నడకే మారిపోయింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే గోడ అవతల ఆమె పేరు వినిపిస్తుంది. ఒకరోజు బొంగురు గొంతు, ఒకరోజు కొత్త గొంతు. ఏ భుజం మోసిందో ఆమెకు తెలియదు. అడగదు.

బిందెలో నీళ్లు పడుతూ ఉంటాయి. యల్లక్క పక్కనే కూర్చుని, వెనకటి రోజుల్లో దప్పికైనవాడు పిలిస్తే పలికినట్టే, గోడ వైపు ముఖం తిప్పి పలుకుతుంది.

"వస్తాండా..."