కాశీలో వదిలిన మామిడికాయ

గంగలో మునిగాక ఇష్టమైన కాయో పండో ఒకటి వదిలేయాలన్నారు. వదిలితే ఇక జన్మలో తినకూడదు. పంతులుగారు తొందరపెడుతుంటే, పప్పులో వేసినా తనకంత నచ్చదు కదా అని సత్యకుమారి "మామిడికాయ" అనేసింది. తిరుగు రైలు నాగపూర్ దాటాక, పెరుగన్నం పొట్లం విప్పుతూ ఒక్క కేక పెట్టింది.

"అయ్యో! ఆవకాయో!"

ఆవకాయ లేనిదే ఆమెకు ముద్ద దిగదు. పక్కన భర్త హరిబాబు హాయిగా తింటున్నాడు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి, తెలివైనవాడు. పుట్టి బుద్ధెరిగి నోట పెట్టని కాకరకాయను వదిలేసి వచ్చాడు.

రాజమండ్రి చేరేసరికి మామిడికాయల రోజులు. ఏడాదికి సరిపడా ఆవకాయ కలిపింది సత్యకుమారి. మూడోనాడు తిరగకలిపి ఉప్పు చూడాలి. ఎవరు చూస్తారు?

"మీరు చూడండి."

హరిబాబు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "బాగుంది."

"బాగుందంటే? ఎక్కువా, తక్కువా?"

"రెండూనూ."

"మీ నాలుక తగలెయ్య! బూజు పడితే ఏడాదంతా ఏం తింటారు?"

ఆవకాయ లేని ఏడాదిని తలుచుకున్నాడు హరిబాబు. గొంతు సవరించుకున్నాడు.

"సత్యం, ఇంగ్లీషులో రెలింక్విష్ అని ఒక మాటుంది."

"ఉప్పు గురించాండీ?"

"వదులుకోవడం గురించి. లాటిన్ నుంచి వచ్చింది. అసలర్థం వెనక వదిలేసి రావడం. బస్సులో గొడుగు వదిలేసి వస్తామే, అలాగ."

"వస్తాం కాదు, వస్తారు."

"సరే, వస్తాను. అంచేత నువ్వు వదిలిన మామిడికాయ కాశీలోనే ఉండిపోయింది. ఈ జాడీలోది మన బజారుది. దీన్ని నువ్వెప్పుడు వదిలావు?"

సత్యకుమారి దేవుడి పటం వైపు అనుమానంగా చూసింది. "విశ్వనాథుడికి లాటిన్ వచ్చంటారా?"

"ఆయనకి రాని భాషేంటి!"

ఇంకేం, వేడన్నంలో ఆవకాయ, నూనె కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. "ఉప్పు తగ్గింది" అని గుప్పెడు వేసి కలిపింది. వంటింట్లోకి వెళ్ళి ఏదో చేసుకొచ్చి భర్త కంచంలో వడ్డించింది.

"ఏంటిది?"

"కాకరకాయ వేపుడండి. మీరు వదిలింది కాశీలోనే ఉండిపోయిందిగా. ఇది మన బజారుది."

హరిబాబు కంచం వంక చూశాడు. మళ్ళీ గొంతు సవరించుకున్నాడు.

"సత్యం, ఇంగ్లీషులో ఇంకో మాట కూడా ఉంది..."

"తిన్నాక చెబుదురుగాని" అంటూ ఆమె జాడీ దగ్గరకు జరుపుకుంది.