ధర తగ్గిన రోజు

కంప్యూటర్‌లో ఆ సీటును మళ్ళీ పట్టి ఉంచాడు చవకరావు. డబ్బు కట్టకుండా సాయంత్రం దాకా సీటు ఆపి ఉంచడం, గడువు దాటితే వదిలేయడం, మర్నాడు ధర దిగిందేమో చూసి మళ్ళీ పట్టుకోవడం విమానం టికెట్లు అమ్మే అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఈ వారమంతా ఆ సీటు అతని భార్య పేరు మీదే పడుతూ లేస్తూ ఉంది.

అతనికి అసలు పేరు వేరే ఉంది గానీ, చవగ్గా టికెట్లు తీస్తాడని జనం పెట్టిన పేరే స్థిరపడిపోయింది. వంగిన మెడ, తెరకేసి చూసి చూసి గుంటలు పడ్డ కళ్ళు, మోచేతుల దగ్గర అరిగిన చొక్కా. ఇరవై ఏళ్ళుగా అదే కుర్చీ. అందులో కూర్చుని ఊళ్ళో సగం మందిని విమానం ఎక్కించాడు, తాను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. "ఈ ధరకి ఇంకెక్కడా దొరకదు" అని ఎవరైనా అంటే ముఖం వెలిగిపోయేది. ఆ ఒక్క మెప్పు కోసం ఎవరినైనా ఎన్నాళ్ళైనా ఆపగలడు. పిసినారి అందామంటే కాదు. ఎక్కువ పెట్టి కొనడమంటే అతనికి పరువు పోవడమే. అలాంటి మొండివాణ్ణి చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

భార్య అక్క ఆఫ్రికాలో ఒక రాజధాని నగరంలో ఉంటోంది. ఆ నగరాన్ని వీళ్ళింట్లో "అక్క ఊరు" అనే అంటారు. తల్లి పోయాక చెల్లికి జడ వేసి, బడికి పంపి, పెళ్ళి చేసింది ఆ అక్కే. ఇప్పుడు ఆమెకు రొమ్ములో గడ్డ తీశారు. కోలుకోవడం లేదని, చెల్లిని త్వరగా పంపమని బావ ఫోన్ చేశాడు.

అతను టీ తాగుతుండగా భార్య ఫోన్ వచ్చింది.

"తీశారా?"

"సాయంత్రం చూద్దాం. దిగేలా ఉంది."

"నిన్నా అదే అన్నారు. అక్క గొంతు పీలగా వినబడుతోందండీ. దారిలో పది చోట్ల దింపినా సరే, ఎక్కించండి చాలు."

"నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు."

"ఆలస్యం అమృతం విషం అన్నదీ ఆ పెద్దలే! మీ బేరాలు మా అక్క మీదా?" అని టక్కున పెట్టేసింది.

అతనికీ కోపం నషాళానికి అంటింది. మొన్నటికి మొన్న సగానికే ఇచ్చిన సీటు ఇది. ఆపదలో ఉన్నవాడి జేబే కోయాలా ఈ కంపెనీలకి? అందరూ కిమ్మనకుండా కట్టేస్తున్నారు కాబట్టే వీళ్ళకింత పొగరు. నేను కట్టను గాక కట్టను.

"ఆ టికెట్టేదో తీసి పారెయ్యవయ్యా. నా కమీషన్ వదిలేస్తాలే," అన్నాడు షాపు యజమాని.

"జాలి పడకండి సార్. ఊరందరికీ తీసినవాణ్ణి, నా ఇంటికి తీయలేనా?"

"మీ ఆవిడకి కావలసింది టికెట్టు. నీ ప్రతాపం కాదు."

చవకరావు వినిపించుకోలేదు. మధ్యాహ్నం దాటాక నిజంగానే ధర దిగింది, సగానికి సగం. రెండు చోట్ల విమానం మారాలి, ఒక రాత్రంతా ఎయిర్‌పోర్టు కుర్చీల్లో జాగారం చెయ్యాలి. అయితేనేం! చకచకా డబ్బు కట్టేసి, టికెట్టు ప్రింటు తీసి యజమాని ముఖం ముందు ఆడించాడు. బస్సులో కూర్చుని ఆ కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. భార్య కోపం ఎలా చల్లారుతుందో ఊహించుకుని లోలోపల నవ్వుకున్నాడు.

ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. పొయ్యి వెలగలేదు. భార్య గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. పక్కనున్న పొరుగింటావిడ అతణ్ణి చూడగానే లేచి బయటికి వెళ్ళిపోయింది.

"అక్క పోయింది," అంది భార్య. "మీరు నిదానం అన్నారే, అప్పటికే ఊపిరి అందట్లేదంట. చెల్లి బయల్దేరిందా అని అడుగుతూనే ఉందంట. మీకు ఫోన్ చెయ్యబుద్ధి కాలేదు."

ఆమె చూపు అతని చేతిలోని కాగితం మీద పడింది.

"తీశారా?"

తల ఊపాడు.

"ఎంత దిగింది?"

"సగం," అన్నాడు. ఇరవై ఏళ్ళ అలవాటు, ఆ మాట దానంతటదే జారిపోయింది. మరుక్షణం నాలుక కోసుకోవాలనిపించింది.

"గెలిచారు," అంది. "ఇంకో నాలుగు రోజులు ఆగాల్సింది, ఇంకా దిగేదేమో. నాకింకేం తొందర? వెళ్ళి చూసేదెవర్ని?"

చెంప ఛెళ్ళుమనిపించినా బాగుండేది. తన మీద తనకే అసహ్యం పుట్టింది. ఆమె లేచి గదిలోకి వెళ్ళింది. సర్దిపెట్టుకున్న పెట్టె తెరిచి, ఒక్కొక్క చీరే తీసి బీరువాలోకి విసిరికొట్టింది. తర్వాత అతని వైపు చూడకుండానే పెరట్లోకి నడిచింది. పెట్టె అడుగున ఒక నైటీ మిగిలిపోయింది. చెయ్యి పైకెత్తకుండా తొడుక్కోవడానికి వీలుగా ముందంతా గుండీలు పెట్టి అక్క కోసం కుట్టిన మెత్తటి నూలు నైటీ. కింది గుండీ దగ్గర దారంతో సహా సూది ఇంకా గుచ్చే ఉంది.