అన్నం వేళ ఊడిన బైట్ ప్లేట్

నేను ఒక బైట్ ప్లేట్‌ని, పళ్లు సరిచేసేందుకు అంగిట్లో తొడిగే పరికరాన్ని. గులాబీ రంగు ప్లాస్టిక్, రెండు తీగ కొక్కేలు, అంతే నా ఒళ్లు. ల్యాబ్‌లో ఒక పిల్ల అంగిలి అచ్చు మీద నన్ను పోసి, అరగదీసి, మెరుగు పెట్టారు. నా డిజైన్‌లో లోపం నాకు ఆ రోజే తెలుసు: నేను ఊడి వస్తాను. మనుషులకు నాలో నచ్చేదీ అదే.

ఆ పిల్ల చారుమతి, పన్నెండేళ్లు. పై పళ్లు కింది పళ్లను పూర్తిగా కప్పేసేవి. నోరు మూసినప్పుడల్లా కింది పళ్లు అంగిట్లో గుచ్చుకుని పుండు పడింది. డాక్టర్ షమీమ్ వాళ్లమ్మకు రెండు నమూనాలు చూపించింది. ఒకటి నాలాంటిది. రెండోది పై పళ్ల వెనక సిమెంటుతో అతికించే చిన్న దిమ్మలు.

"రెండూ చేసే పని ఒకటేనమ్మా. కింది ముందు పళ్లు వీటిమీద ఆనితే వెనక పళ్లు ఎడం దొరికి ఇంకాస్త బయటికొస్తాయి, అప్పుడు కింది పళ్లు అంగిట్లో గుచ్చుకోవు. ఎదిగే వయసులోనే ఇది తేలిక. ప్లేటైతే మాత్రం అన్నం తినేటప్పుడు కూడా తీయకూడదు."

"తీసి కడుక్కోవచ్చు కదండీ, అదే ఇవ్వండి," అంది వాళ్లమ్మ. చివరి మాట ఆమె చెవిదాకా వెళ్లనే లేదు.

ఇంట్లో వడ్డన నాయనమ్మ రత్నమాంబగారిది.

"నోట్లో ఆ సామాను పెట్టుకుని అన్నం తింటారటే? తియ్."

"డాక్టరు తీయొద్దంది నాయనమ్మా."

"డాక్టరొచ్చి తినిపిస్తుందా?"

అలా పూటపూటకీ నేను స్టీలు గ్లాసులో కూర్చునేదాన్ని. నేను పనిచేయాల్సిన వేళ అదే మరి. ఒకరోజు ఆవిడకు నా ఎంగిలి గుర్తొచ్చింది. ఒకప్పుడు పిల్ల ఉగ్గుగిన్నె మీద పోసినట్టే నా మీదా సలసల కాగే నీళ్లు పోసింది. ప్రేమతోనే పోసింది. నేను వంకరపోయాను.

కొక్కేలు పట్టడం మానేశాయి. తననే తిడతారని చారుమతి ఎవరికీ చెప్పలేదు. నాలుకతో నన్ను పైకి ఎత్తిపట్టుకుని బడికి వెళ్లేది. ఆ నాలుక అలిసిపోయేది. నేనూ.

డాక్టర్ మళ్లీ రమ్మన్న రోజున ఆసుపత్రికి నాయనమ్మే తీసుకొచ్చింది. డాక్టర్ నన్ను అటూ ఇటూ తిప్పింది.

"వేడినీళ్లు పోశారా?"

"మరుగునీళ్లేనమ్మా. శుభ్రంగా ఉండొద్దూ?"

"పుండు ఇంకా లోతైంది. ఇంకా ఆగితే ఎదిగే వయసు దాటిపోద్ది. ఇక దిమ్మలే అతికించేస్తాను."

"మరి అన్నం తినేటప్పుడు?"

"ఊడదండి. ఎవరు చెప్పినా ఊడదు."

నాయనమ్మ వంగి, లైటు వెలుగులో పిల్ల నోట్లోకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇంత పుండు పెట్టుకుని నేను పెట్టిన ఆవకాయ తిన్నావటే," అంది మెల్లగా. "మెత్తగా కలిపి పెడతాలే."

ఆ పుండు మానిందట. నేనిప్పుడు నమూనాల ట్రేలో ఉంటున్నాను. వంకరగానే.

ఇవాళ ఇంకో తల్లి, ఇంకో పిల్లాడు. ఏది మేలని అడిగింది. డాక్టర్ ముందు ఒక్కటే అడిగింది.

"ఇంట్లో అన్నం ఎవరు పెడతారమ్మా?"

"మా అత్తగారండి."

డాక్టర్ చెయ్యి నన్ను దాటి, దిమ్మల మీదికి వెళ్లింది.