చచ్చినవాళ్ళకే చదువు

మా ఊరి తలారి మునస్వామికి ముందుపళ్ళు లేవు. ఉన్నా పెద్ద తేడా ఉండేది కాదు. విన్న మాటను విన్నట్టు చెప్పడం ఆయన వంశంలోనే లేదు.

మాది ఐరాల దగ్గర చిన్న ఊరు. ఆ ఏడు చెనక్కాయలు పెరికి కళ్ళాలు ఖాళీ అయిన రోజుల్లో, తిరుపతి నుంచి ఒక కాలేజీ చెడుగుడు జట్టు వచ్చి మా బడిలో దిగింది. ఊరికి సేవ చేయడానికట. వాళ్ళను వెంటబెట్టుకొని వచ్చినాయన తెలుగు లెక్చరరు బాలసుబ్రమణ్యం. దిగిన పూటే ఆయన జట్టు పిల్లలను బడి అరుగు మీద కూర్చోబెట్టి వ్యక్తిత్వ వికాసం గురించి మొదలుపెట్టాడు. ఆటగాడికి కండలుంటే చాలదు, నడవడి ఉండాలి, నలుగురికి ఉపయోగపడాలి అన్నాడు. మంచి మాటలే. పిల్లలు గోడకు ఆనుకొని, కళ్ళు తెరిచే నిద్రపోయారు. చివరి మాటకు మాత్రం అందరూ ఉలిక్కిపడి లేచారు.

"పోయిన సంవత్సరం జట్టు సేవ పేరు చెప్పి వెళ్ళి, శిబిరమంతా పేకాడి వచ్చింది. మీ పప్పులు నా దగ్గర ఉడకవు. ఈ ఊరి ఆడవాళ్ళకు చదువు చెప్పండి. ఆఖరి రోజు నేను వస్తాను. నేను వేలు పెట్టి చూపించిన ఆమె తన పేరు తాను రాయాలి. రాసిందా, మీరు చిత్తూరు పోటీలకు పోతారు. రాయలేదా, మీ బస్సు చార్జీలతో లైబ్రరీకి నిఘంటువు కొంటాం."

ఆ మాట చెప్పి ఆయన సాయంత్రం బస్సుకు తిరుపతి వెళ్ళిపోయాడు.

జట్టు కెప్టెన్ ధనంజయ బంగారుపాళ్యం మామిడితోటల పిల్లవాడు. చిత్తూరు పోటీలంటే వాడికి ప్రాణం. కాలేజీలో చేరిన ఏడు పోటీల ముందు కాలు బెణికింది. మరుసటి ఏడు గవదబిళ్ళలు వచ్చి ముఖం గుమ్మడికాయంత అయింది. ఇదే ఆఖరి ఏడు. ఈసారి నిఘంటువు అడ్డం వచ్చింది.

వాడు పొద్దున్నే మునస్వామిని పిలిచి, "మామా, సడుగుడు ఆడే కాలేజీ పిల్లోళ్ళు వచ్చినారు, ఆడోళ్ళకి సదువు నేర్పిస్తారని తప్పెట కొట్టి సెప్పు" అన్నాడు.

మునస్వామి ఆ మాటను దారిపొడుగునా నమిలాడు. కాలేజీ పిల్లలంటే చదువుకునేవాళ్ళు కదా, మరి సడుగుడు ఆడే కాలేజీ పిల్లోళ్ళేంది, పిల్లోడు తడబడి ఉంటాడు అనుకున్నాడు. దిద్ది చాటాడు.

"సదువుకునే కాలేజీ పిల్లోళ్ళు వచ్చినారహో! ఆడోళ్ళకి సడుగుడు నేర్పిస్తారహో! పొద్దుగూకే ఏళకి కళ్ళం కాడికి రావాలహో!"

చదువు అని చాటి ఉంటే ఒక్కరం కూడా కదిలేవాళ్ళం కాదు. చెడుగుడు అనేసరికి ఊళ్ళో ఆడవాళ్ళంతా కళ్ళం దగ్గరే ఉన్నాం. చిన్నప్పుడు ఆడినదే కదా. పరికిణీ పోయి చీర వచ్చిన రోజున ఆట మానిపించారు. ఇప్పుడు కాలేజీ వాళ్ళే వచ్చి నేర్పిస్తామంటే మొగవాళ్ళు నోరెత్తలేకపోయారు. గవర్నమెంటు చెడుగుడు అనుకున్నారు.

అందరికన్నా ముందు నాగులమ్మక్క నిలబడి ఉంది, కుచ్చిళ్ళు ఎగదోపి, కొంగు నడుముకు బిగించి. బెల్లం పొయ్యి దగ్గర పాకం తిప్పి తిప్పి ఆమె చేతులు రోకళ్ళలాగా ఉంటాయి. ఇక గొంతు సంగతి చెప్పాలంటే, కొండ మీద మేసే ఎనుమును ఇంటి వాకిట్లో నుంచే పిలిచేది. పక్కూరి గేదెలు కూడా దిగి వచ్చేవి.

ధనంజయ పలకలూ బలపాలూ పట్టుకొని వచ్చాడు. మా వేషాలు చూసి ఆగిపోయాడు.

"ఏందమ్మా, ఇట్ల వచ్చినారు?"

"సడుగుడుకి ఇట్ల గాక ఎట్ల వస్తారు నాయనా, పట్టుసీర కట్టుకోనా?" అంది నాగులమ్మక్క.

"సడుగుడు కాదు పెద్దమ్మా, సదువు!"

"మునస్వామి సడుగుడని సాటినాడే?"

"నేను సదువనే సెప్పినాను!"

"నేనూ అదే అంటిని గదప్పా," అన్నాడు మునస్వామి. "సడుగుడనే."

"సదువైతే మాకొద్దు నాయనా. పొయ్యి మీద సంగటి ఉండాది." నాగులమ్మక్క వెనక్కి తిరిగింది. ఆమె తిరిగితే ఊరు తిరిగినట్టే. మేమంతా కొంగులు విప్పుకుంటూ కదిలాం.

పాపం, ఆ పిల్లవాడి కళ్ళ ముందు నిఘంటువు కనిపించి ఉంటుంది. "నిల్సండమ్మా! సడుగుడే!" అని కేక పెట్టాడు. మేం ఆగాం. వాడు పలకలు కింద పెట్టి, "కాకపోతే ఇది తిరపతి సడుగుడు. దీని రూల్సు యేరే" అన్నాడు.

నిలబడిన చోటే అల్లేశాడు ఆ రూల్సు. చెడుగుడులో గీత దాటి పోయేవాళ్ళు ఊపిరి తీయకుండా కూత పెట్టాలి కదా. ఇక్కడ 'సడుగుడు సడుగుడు' అని కాకుండా 'అ ఆ ఇ ఈ' అని పెట్టాలి. అవతలివాళ్ళు పట్టుకున్నాక కూత తెగిందంటే చచ్చినట్టే. మామూలుగా అయితే మనవాళ్ళు అవతలి జట్టులో ఎవరినైనా చంపితే మనలో చచ్చినవాళ్ళు బతుకుతారు. ఇక్కడ చచ్చినవాళ్ళు గీత బయట కూర్చుని, అడిగిన అక్షరం మట్టిలో వేలితో రాస్తేనే బతుకుతారు.

నాగులమ్మక్క కళ్ళు చిన్నవి చేసి చూసింది. "తిరపతిలో అందురూ ఇట్లే ఆడతారా?"

"ఆడ అందురూ ఇంతే పెద్దమ్మా."

"అందుకేనేమో ఆడికి పోయినోళ్ళంతా గుండుతో వస్తారు," అంది. అని, గీత దగ్గరికి నడిచింది.

ఆడవాళ్ళమే రెండు జట్లయ్యాం. మొగపిల్లలు దూరంగా నిలబడి విజిల్ వేయడమే. చచ్చినవాళ్ళకు ధనంజయ కూత పెడుతూ, మట్టిలో వేలితో అక్షరం రాసి చూపేవాడు. పగలు మాత్రం వాళ్ళు మురికికాలువ తవ్వారు. అది వంకర పోయి, నీళ్ళు మునస్వామి ఇంట్లోకి చేరాయి. తప్పుగా చాటినందుకు శిక్ష కాదని ధనంజయ కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు పెట్టాడు.

సాయంత్రాలు కళ్ళంలో పండగే. ఇళ్ళల్లో కోడళ్ళు కూత పెడుతూ పిండి రుబ్బేవాళ్ళు. బావి దగ్గర బిందె ఎత్తుతూ 'అ ఆ ఇ ఈ' అనేవాళ్ళం. ఆటలో అందరికన్నా ఎక్కువసార్లు చచ్చినదాన్ని నేనే. నాకు దమ్ము తక్కువ, నడుము పెద్దది. గీత దాటగానే దొరికిపోయేదాన్ని. ఒక్కో సాయంత్రం బతికి ఉన్నదానికన్నా చచ్చి ఉన్నదే ఎక్కువ. అందుకే ఊళ్ళో అందరికన్నా ముందు నాకే అక్షరాలు వచ్చాయి. ఈ కథ రాయగలుగుతున్నానంటే ఆ చావుల చలవే.

చావనిది ఒక్క నాగులమ్మక్కే. ఆమె కూత మొదలుపెడితే 'ఆ' దగ్గరే దీర్ఘం తీసి, ఆ దీర్ఘం మీదనే అందరినీ తాకి తిరిగొచ్చేది. పట్టుకుంటే పట్టుకున్నవాళ్ళను కూడా ఈడ్చుకొని గీత దాటేది. చావలేదు కాబట్టి రాయలేదు. పైగా చచ్చినవాళ్ళకు పెద్దరికం చేసేది. మా వెనక నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకొని తీర్పు చెప్పేది.

"ఆ కొమ్ము సక్కంగా లేదు. సచ్చే ఉండు."

"అక్కా, ఇంత మంచిగా రాస్తినే!"

"దాన్ని కొమ్మంటారా? మా ఎనుముది సూసిరాపో."

ఆమె కోడలు రుక్మిణి అవతలి జట్టులో ఉండేది. గట్టి పిల్ల. కానీ అత్త గీత దాటి వస్తే పక్కకు తప్పుకునేది. ఒకసారి అడిగాను, ఎందుకే వదిలేస్తావని.

"ఆమి ఈడ సస్తే, నేను ఇంట్లో బతకొద్దా పిన్నమ్మా?" అంది.

ఆఖరి రోజు బాలసుబ్రమణ్యం సారు దిగాడు. తిరుపతికి ఆఖరి బస్సు అందుకోవాలని గడియారం చూసుకుంటూనే కళ్ళం దగ్గరికి వచ్చాడు. ధనంజయ నన్ను ముందు వరసలో కూర్చోబెట్టాడు. చచ్చి చచ్చి పండినదాన్ని కదా, నన్నే చూపిస్తాడని వాడి ఆశ. సారు మమ్మల్నందరినీ చూశాడు. వెనక ఎవరో గట్టిగా తుమ్మారు. ఆ తుమ్ముకు కళ్ళంలో పిట్టలు లేచిపోయాయి. సారు వేలు అటే తిరిగింది.

"ఆ తల్లి రాయాలి."

ధనంజయ ముఖానికి మళ్ళీ గవదబిళ్ళలు వచ్చినట్టయింది.

నాగులమ్మక్క కదల్లేదు. "నేను రాయకూడదు సారూ. నేనింకా సావలేదు."

సారు కంగారుపడ్డాడు. "అదేం మాట తల్లీ! నిండు నూరేళ్ళూ ఉండు. పేరు రాస్తే చాలు."

"సస్తేనే గదా సారూ రాసేది!"

సారు ధనంజయ వైపు తిరిగాడు. "ఏం నేర్పారయ్యా ఈవిడకు?"

మునస్వామి అందుకున్నాడు. "మా ఊర్లో సచ్చినోళ్ళే రాస్తారు సార్. బతికినోళ్ళు రాయరు. రూలు."

"పెద్దమ్మా, ఈ ఒక్కసారికి రూలు వదిలెయ్," అని ధనంజయ చేతులు జోడించాడు. "నువ్వు రాయకపోతే మేం సిత్తూరు పోలేం."

"పెట్టిన రూలు నువ్వే ఇడిస్తే ఎట్ల నాయనా? ఇన్నిదినాలు వీళ్ళందర్నీ ఊరికే సంపినానా?" అంది నాగులమ్మక్క. "సంపండి, రాస్తా. సేతనైతేనే."

వెంటనే గీతలు గీశారు. జట్లు నిలబడ్డాం. నాగులమ్మక్క కొంగు బిగించి, 'ఆ' మీద దీర్ఘం తీస్తూ గీత దాటింది. నేను కాలు పట్టుకున్నాను. నన్ను ఈడ్చుకుంటూ పోయింది. ఇంకో ఇద్దరు చేతులు పట్టుకున్నారు. మమ్మల్నందరినీ ఈడ్చింది. చుట్టూ ఉన్న ఊరంతా లేచి అరవడం మొదలుపెట్టింది.

"సావు నాగులక్కా, సావు!"

"పిల్లోళ్ళ కోసమన్నా సావు తల్లీ!"

బాలసుబ్రమణ్యం సారు చెవులు మూసుకున్నాడు. "వ్యక్తిత్వ వికాసం అంటే ఇదా?" అని ధనంజయను అడిగాడట.

ధనంజయ రుక్మిణి వైపు చూసి, "అక్కా, నీ కాళ్ళకు మొక్కుతా!" అన్నాడు. రుక్మిణి ఒకసారి ఆకాశం వైపు చూసింది. తర్వాత పరుగున వచ్చింది. నడుము పట్టలేదు, కాలు పట్టలేదు. శనివారం శనివారం అత్తకు తలంటి వీపు రుద్దే కోడలు కదా, ఆమెకు తెలుసు ఎక్కడ చెయ్యి వేయాలో. కుడిచంక కింద రెండు వేళ్ళతో కితకితలు పెట్టింది.

"ఆఆఆఆ... ఇ, ఇ, ఇహిహిహీ... వద్దే దొంగముండా!"

కూత తెగింది. విజిల్ పడింది. మా ఊళ్ళో చావుకు అంత చప్పట్లు ఎన్నడూ పడలేదు.

నాగులమ్మక్క ఇంకా నవ్వు ఆగక, గీత బయట చతికిలబడి వేలు మట్టిలో పెట్టింది. ఎన్నడూ రాయని మనిషి. కానీ మా వెనక నిలబడి, మా కొమ్ములూ సున్నాలూ సరిచూసి సరిచూసి, ఆమెకు అక్షరాలన్నీ కంట్లోనే ఉన్నాయి. చకచకా రాసింది.

నగులమ్మ.

సారు వంగి చదివాడు. గడియారం చూసుకున్నాడు. "నగు అంటే నవ్వు. నవ్వుతూ రాసింది కదా, సరిపోయింది. బాగుంది, చాలు" అని సంతకం పెట్టడానికి జేబులో నుంచి పోటీల కాగితమూ పెన్నూ తీశాడు. ధనంజయ ఎగిరి గంతేశాడు.

"ఆగండి సారూ," అన్నాను నేను. "దీర్ఘం యాడ?"

చచ్చినవాళ్ళమంతా ఆమె వెనక నిలబడ్డాం, నడుము మీద చేతులు పెట్టుకొని.

"ఈమి ఇంకా సచ్చే ఉండాది సార్."

"దీర్ఘం లేందే ఎట్ల బతుకుతాది?"

"నేను ఒప్పుకున్నానమ్మా!" అన్నాడు సారు.

"సారే ఒప్పుకున్నాడు గదమ్మా, మీకేమి వచ్చె!" అన్నాడు ధనంజయ ఏడుపు గొంతుతో.

"మీరు ఒప్పుకుంటే? మా కొమ్ముల్ని ఆమి ఒప్పుకునిందా?"

దూరంగా బస్సు హారన్ వినిపించింది. నాగులమ్మక్క మమ్మల్ని తలెత్తి చూసింది. "ఓసి మీ ఇండ్లు బంగారం గానూ! దీర్ఘమే గదా కావల్సింది? ఇదో, తీసుకోండి!" అని 'న' పక్కన వేలు ఆనించి దీర్ఘం లాగడం మొదలుపెట్టింది. కూతలో ఎంత తీస్తుందో మట్టిలోనూ అంతే తీసింది. లేచి, వంగి నడుస్తూ లాగింది. ఆ దీర్ఘం గీత దాటింది, మునస్వామి కాళ్ళ సందులో నుంచి పోయింది, సారు చెప్పుల దాకా వచ్చింది. సారు ఒక్క గంతు వెనక్కి వేసి, గాలిలో ఉండగానే అన్నట్టు సంతకం పెట్టేశాడు. ఆ కాగితం ధనంజయ చేతిలో పెట్టి బస్సు కోసం పరుగెత్తాడు.

"బతికినట్టేనా?" అంది నాగులమ్మక్క, అంత దూరం నుంచి.

"బతికినావక్కా!" అన్నాం.

చిత్తూరు పోటీలకు మేం కూడా బస్సెక్కి పోయాం. మేం చచ్చి పంపించిన జట్టు కదా. ధనంజయ మైదానానికి దండం పెట్టి, తొడ కొట్టి, గీత దాటి కూత పెట్టాడు.

"అ ఆ ఇ ఈ ఉ ఊ..."

అవతలి జట్టు పట్టుకోవడం మరిచిపోయి నోరు తెరిచింది. రెఫరీ విజిల్ వేసి, కూత తప్పు, బయటికి పొమ్మన్నాడు. ధనంజయ నాలుక కరుచుకున్నాడు. పోయి గీత బయట కూర్చున్నాడు. కూర్చున్నాక, అలవాటు ఎక్కడికి పోతుంది, వేలితో మట్టిలో తన పేరు రాసుకోవడం మొదలుపెట్టాడు.

జనంలో నుంచి నాగులమ్మక్క లేచి నిలబడింది. మెడ సాచి చూసింది. కొండ మీది ఎనుమును పిలిచే గొంతుతో అరిచింది.

"ఒరే ధనంజయా! సున్నా యాడరా? సున్నా మర్సిపోయినావే!"

మైదానంలో అందరూ ఒక్కసారిగా తిరిగి స్కోరు బోర్డు చూశారు. ధనంజయ జట్టు పేరు పక్కన సున్నా ఉంది. చక్కగా, గుండ్రంగా, వంక పెట్టడానికి లేకుండా.