కోటు లోపలి జేబు

పెద్దమ్మ నోట మెచ్చుకోలు వినాలంటే రాసిపెట్టి ఉండాలి. పంతొమ్మిదేళ్లుగా ఆమె కోట్ల దుకాణంలో పనిచేస్తున్న చెల్లెలి కూతురికి అది రాసిపెట్టి లేదు. చేరిన రోజు బొత్తాలు కుట్టే పని ఇచ్చింది కాబట్టి ‘బొత్తాం’ అని పిలవడం మొదలుపెట్టింది పెద్దమ్మ. ఇప్పుడు ఆ పిల్లకి ముప్పై ఎనిమిదేళ్లు, నిండు కోటు ఒంటిచేత్తో కోసి కుట్టగలదు, అయినా బొత్తామే. ఏం కుట్టి చూపించినా పెద్దమ్మ కళ్లద్దాలు సవరించుకుని, కుట్టు మీద గోరు గీసి “ఊఁ” అంటుంది. అంతే.

డెబ్బై మూడో ఏట పెద్దమ్మ కళ్లు పచ్చబడ్డాయి. ముందు కామెర్లన్నారు, తర్వాత పిత్తనాళంలో క్యాన్సరన్నారు. కాలేయం నుంచి పిత్తం దిగే దారిని గడ్డ మూసేసిందట. క్యాన్సర్ మందు ఎక్కించాలంటే ముందు కామెర్లు దిగాలి, అంటే రక్తపరీక్షలో పద్నాలుగున్న అంకె రెండుకి రావాలి. అందుకని కుడి డొక్కలోంచి సన్నటి గొట్టం వేసి, కొసకి ఒక సంచి తగిలించారు. పిత్తం అందులోకి కారుతుంది.

“పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు కదే! నాకు తెల్లదారం తెల్లగానే కనబడుతోంది. అంతా ఉత్తిదే,” అంది పెద్దమ్మ.

పది రోజుల్లో అంకె తొమ్మిదికి దిగింది. దుకాణానికి వస్తానంది. వద్దంటే వింటుందా? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. వచ్చి మిషను ముందు కూర్చుంది. కొలతలివ్వడానికొచ్చిన పెద్దమనిషి ఆమె తొడ పక్కన వేలాడుతున్న సంచిని చూసి, “అదేంటమ్మా, అలా ఉంది?” అన్నాడు.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకు బాబూ?” అని మొహం మీదే అనేసింది. కానీ ఆ రోజంతా మళ్లీ కుర్చీలోంచి లేవలేదు. ఏమీ తినలేదు కూడా.

బొత్తాం రెండు రోజులు కూర్చుని మోకాళ్ల దాకా వచ్చే పెద్దమ్మ పనికోటులో సంచికోసం జేబు కుట్టింది. కోట్లు కుట్టేవాళ్లకి లోపలి జేబంటే ఒకటే చోటు, ఛాతీ దగ్గర. ఇంకో చోటు ఉంటుందని వాళ్ల చేతులకి తెలియదు. మెత్తటి లైనింగ్ వేసింది, గొట్టం దూరడానికి కాజా తీసింది, సంచి జారకుండా పైన చిన్న బొత్తాం పెట్టింది. పెద్దమ్మ కోటు తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. సంచి ఉన్నట్టే లేదు. కుట్టు మీద గోరు గీసింది.

“బాగా కుట్టావే,” అంది.

బొత్తాం వెనకగదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. సంతోషానికే.

పడుకున్నప్పుడు సంచి మంచం కిందకి వేలాడాలని ఆసుపత్రిలో చెప్పారు కాబట్టి రాత్రుళ్లు అలాగే పెట్టేవాళ్లు. పగలంతా జేబులోనే. సంచిలోకి కారేది సగానికి సగం తగ్గింది. తగ్గడమంటే రోగం తగ్గడమేనని ఇద్దరూ తెగ సంబరపడ్డారు.

జేబు కుట్టిన పన్నెండో రోజు వణుకుతో జ్వరం వచ్చింది. ఆసుపత్రికి పరుగెత్తారు. అంకె పదకొండు.

“గొట్టం సరిగ్గా పనిచెయ్యట్లేదు,” అంది డాక్టరమ్మ. “సాయంత్రం ఇంకోటి వేస్తాం. మళ్లీ కాలేయంలోకి సూది గుచ్చాలి, ఈ వయసులో చిన్న విషయం కాదు. అప్పటికీ అంకె దిగకపోతే ఇక క్యాన్సర్ మందు ఎక్కించలేం.”

గోరుచుట్టు మీద రోకటిపోటు. పెద్దమ్మ పైకప్పు వైపు చూస్తూ పడుకుంది.

నర్సు వచ్చి కోటు విప్పించి, సంచిని మంచం పక్కన కిందున్న కొక్కేనికి తగిలించి వెళ్లిపోయింది. బొత్తాం కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చూస్తుండగానే గొట్టంలో ముదురుపచ్చ చార ఒకటి కదిలింది. జారింది. పావుగంటలో సంచి అడుగు నిండింది.

నీరు పల్లమెరుగు అని ఎన్నిసార్లు వినలేదు! గొట్టం డొక్కలో, జేబు దానికి జానెడు పైన.

బొత్తాం చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు. జేబు నెమ్మదిగా విప్పేస్తే తప్పు గొట్టం మీదకే పోతుంది, పెద్దమ్మ అన్న ఆ ఒక్క మాటా మిగులుతుంది. పంతొమ్మిదేళ్లకి దొరికిన మాట. కానీ సాయంత్రం సూది పెద్దమ్మ ఒంట్లో దిగుతుంది. ఛీ, అనుకుంది. కోటు పట్టుకుని వరండాలోకి పరుగెత్తి డాక్టరమ్మని ఆపింది.

డాక్టరమ్మ వచ్చి సంచి చూసింది, జేబు చూసింది. “ఇంత పైన పెడితే ఎలా కారుతుందమ్మా? ఎవరు కుట్టారిది?”

“నేనే.”

“నేనే కుట్టమన్నాను,” అంది మంచం మీది నుంచి పెద్దమ్మ. ఆమె అనలేదు. ఆ అబద్ధం బొత్తానికి తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

సూది ఆపారు. జ్వరానికి మందులిచ్చి నాలుగు రోజులు చూశారు. అంకె ఎనిమిదికి దిగింది.

ఇంటికొచ్చాక బొత్తాం బ్లేడు తీసుకుని జేబు విప్పబోయింది. పెద్దమ్మ కోటు లాక్కుని, మళ్లీ కుట్టు మీద గోరు గీసింది. “కుట్టు బాగానే ఉంది. ఆ మాట వెనక్కి తీసుకోను. చోటే తప్పు. నలభై ఏళ్లు కోట్లు కుట్టినదాన్ని, నాకూ తట్టలేదు.” సుద్దముక్కతో కోటు మీద మోకాలి దగ్గర గీత గీసింది. “ఇక్కడ కుట్టు. బయటివైపే. చూసేవాళ్లని చూడనీ.”

ఐదు వారాలకి అంకె రెండుకి వచ్చింది. క్యాన్సర్ మందు గడ్డని ఎంత అణుస్తుందో ఎవరూ చెప్పలేదు, పెద్దమ్మా అడగలేదు. మొదటిసారి ఎక్కించే రోజు కొత్త నర్సు కోటు చూసి, “భలే ఉందే ఈ జేబు! ఎవరు కుట్టారు?” అంది.

“ఇదిగో, ఇదే,” అంది పెద్దమ్మ. “ముందు తప్పు చోట కుట్టిందీ ఇదే, పరుగెత్తుకెళ్లి చెప్పిందీ ఇదే. చెప్పకపోతే నేనీ కుర్చీ దాకా వచ్చేదాన్ని కాదు.”

బొత్తాం ఈసారి ఏ గదిలోకీ వెళ్లలేదు. అక్కడే, అందరి ముందే ఏడ్చింది.