సెల్లార్‌లో రెండు గంటలు

ఆ రూలు రాసింది యుగంధరే. మారేడ్‌పల్లిలో ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు సెక్రటరీ అంటే మాటలా మరి! శవాన్ని సెల్లార్‌లో రెండు గంటలకు మించి ఉంచరాదు. ఏ మతమైనా అందరికీ ఒకటే రూలని మీటింగులో ఎంత గొప్పగా చదివాడో! తనవాళ్ళ ఇళ్ళలో చాలావరకు పొద్దుగూకకముందే దహనం అయిపోతుంది. కింది ఫ్లాటు మార్త టీచర్ వాళ్ళేమో పెట్టె చుట్టూ కూర్చుని, రాత్రంతా పాటలు పాడి, ప్రార్థన చేసి, మర్నాడు సమాధికి తీసుకెళతారు. ఆ సంగతి ఆయనకు తెలియదా? తెలుసు. తెలిసే రాశాడు. ఆ పాటలు ఆయనకు గిట్టవు. శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టెకు పనికొచ్చే ప్లగ్గు కూడా సెల్లార్‌లోంచి పీకించేశాడు.

ఏప్రిల్‌లో మార్త భర్త లూకా పోయాడు. కొడుకు ఆషర్ విశాఖ నుంచి మర్నాటికి గానీ రాలేడు.

"ఒక్క రాత్రి ఉండనివ్వండి" అని మార్త బతిమాలింది.

"రూలంటే రూలే టీచరమ్మా. ఒక్కలకిస్తే అందరడుగుతరు."

లూకాను మార్చురీకి పంపారు. ఆషర్ తండ్రి ముఖం అక్కడే చూసుకున్నాడు, అయిదు నిమిషాలు.

తాను తవ్విన గోతిలో తానే పడతాడని ఊరికే అన్నారా! శ్రావణంలో ఓ మధ్యాహ్నం యుగంధర్ తల్లి పుష్పమ్మ కన్నుమూసింది. చెల్లెలు స్వర్ణలత జబల్‌పూర్ నుంచి రైల్లో రావాలి.

"నేనొచ్చేదాంక అమ్మను తీస్కపోకన్నా" అని ఫోన్లో ఒకటే ఏడుపు.

ఫ్రీజర్ పెట్టె సెల్లార్‌లోకి వచ్చింది. ప్లగ్గు లేదు. గోడ మీద రూలుంది, కింద తన సంతకం ఉంది. ఇరుగుపొరుగు చూసి పైకి వెళ్ళిపోయారు.

మార్త ఒక్కతే తన కిటికీలోంచి వైరు సెల్లార్‌లోకి వేసింది. పెట్టె పనిచేయడం మొదలైంది. ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది యుగంధర్‌కు.

"జెర మాఫ్ చెయ్యుండ్రి టీచరమ్మా. గా రూలు ఇప్పుడే చింపేస్త."

"ఇవాళ చింపితే మీ అమ్మగారి కోసం చింపినట్టవుతుందండీ. కర్మలన్నీ అయ్యాక అందరినీ కూర్చోబెట్టి మళ్ళీ రాయండి. మా ఇంట్లో చావైతే ఎలా ఉంటుందో ఈసారి నన్నూ అడగండి."



మర్నాడు పొద్దున స్వర్ణలత వచ్చింది. తల్లి చెంపమీద చెయ్యి వేసి కుమిలి కుమిలి ఏడ్చింది. అలవాటు కొద్దీ యుగంధర్ గడియారం చూశాడు. ఆమె వచ్చి గంట దాటింది. ఆమెను ఎవరూ లెమ్మనలేదు.

ఆషర్‌కు దక్కింది అయిదు నిమిషాలు.