ఏడేళ్ళ అతుకు

మా ఆయన టైర్ల షాపు నడుపుతాడు. టైరు పక్కన ఉబ్బు కనిపించిందా, ఎంత బతిమాలినా బాగుచెయ్యడు, పారెయ్యమంటాడు. "ఉబ్బిన చోట అతుకేస్తే ఇవాళ కాకపోతే రేపు పేలుతుంది" అన్నది ఆయన వేదం. అలాంటి మనిషికి గుండెపోటు వచ్చాక గుండె గోడే బుడగలా ఉబ్బింది. డాక్టరమ్మ ఉబ్బిన భాగం కోసేసి, అతుకు వేసి కుట్టింది. ఇక చూసుకోండి నా తిప్పలు.

మా ఇల్లు షాపు పైనే, మూడో అంతస్తులో. ఆపరేషనైన నాటి నుంచి ఆయన ఒక్క మెట్టు ఎక్కలేదు. "అతుకు ఊడితే ఎవరిది పూచీ?" అంటూ షాపు వెనక గదిలో మంచం వేయించాడు. ఏడేళ్ళుగా కాపురమంతా రబ్బరు వాసనలోనే. పైన నా కిటికీలు, నా పూలకుండీలు, నా వెలుతురు. రోజూ మొక్కలకు నీళ్ళు పొయ్యడానికి ఎక్కి, చుట్టంలా దిగొచ్చేదాన్ని. ఆ ఇంట్లో ఆయనతో మళ్ళీ కలిసి ఉంటానా లేదా అన్నదే నా బెంగ.

ఏటా స్కాన్ తీయిస్తాం. ఏటా డాక్టరమ్మ "బాగుంది, మెట్లెక్కండి, నడవండి, మందులు మాత్రం మానకండి" అంటుంది. ఈయన తలూపి, షాపుకొచ్చి బల్ల మీద కూలబడతాడు. ఈసారీ అంతే. గుండె నెత్తుటిని పంపు చేసే శాతం నలభై నాలుగని ఆవిడ చెప్పింది.

"నూటికి నలభై నాలుగు. గట్టెక్కినట్టా, మునిగినట్టా?" అన్నాడు బయటికొచ్చాక.

"ఏ జబ్బూ లేనివాళ్ళకే అరవై దాకా ఉంటుందని ఆవిడ మొత్తుకుంది కదండీ."

వింటేగా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

నాకు ఒళ్ళు మండింది. షాపుకు రాగానే బీరువాలోని పాత రిపోర్టులన్నీ తెచ్చి ఆయన ముందు వరసగా పరిచాను.

"లీకున్న టైరు మీకెలా తెలుస్తుంది?"

"గాలి కొలిచే గేజీ పెడితే తెలుస్తుంది. పూటపూటకీ గాలి దిగిపోతుంది."

"అయితే చదవండి."

వేలు పెట్టి చదివాడు. ఆపరేషన్‌కు ముందు ఇరవై ఎనిమిది. తర్వాత నలభై మూడు, నలభై నాలుగు, నలభై మూడు, నలభై ఐదు... ఏడేళ్ళూ అక్కడక్కడే. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"గాలి దిగలేదే" అన్నాడు మెల్లగా.

"మీ చేత్తో వేసిన అతుకు ఏదైనా ఏడేళ్ళు నిలిచిందా?"

"ఏడు నెలలు నిలిస్తే గొప్ప."

లేచి మెట్ల వైపు నడిచాడు. వెనకే నేను. మొదటి అంతస్తు దాటాం. రెండో అంతస్తులో ఆగి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"నొప్పా?"

"కాదే. ఎలా ఉందో చూస్తున్నా. దాని పని అది చేసుకుంటోంది."

పైకెళ్ళాక కిటికీ తలుపులు తెరిచి నా పూలకుండీలన్నీ ఒక్కొక్కటే చూశాడు.

"ఇన్నేళ్ళూ నిన్ను కింద కూర్చోబెట్టింది గుండె కాదు, నేను" అన్నాడు.

ఈ రోజు కోసం దాచుకున్న దెప్పుళ్ళు నా దగ్గర బోలెడు. అన్నీ మరిచిపోయాను. ఆయన పక్కన నిలబడి ఏడ్చేశాను. ఆయన నా వీపు నిమిరి, "దుప్పట్లు ఏ అలమరలో పెట్టావే?" అని అడిగాడు.